పెట్టండి అన్నానా, పెట్టించండి అన్నానా?

మా నాన్నగారు ఫోన్ చేసి "కారు ముగ్గేస్తోందిరా" అన్నారు. ముందర నాకు అర్థం కాలేదు. రాత్రి కారు పెట్టిన చోట తెల్లారేసరికి నల్లటి చుక్కలు నాలుగు కనబడుతున్నాయట. "చుక్కలు పెట్టేసింది, ఇంక కలపడమే తరవాయి" అని నవ్వారు. ఆయన నవ్వారు కదా అని నేనూ నవ్వాను. 2024 ఆగస్టు నాటి సంగతి ఇది.

అప్పుడు నేను ఆఫీసు కాల్‌లో మ్యూట్‌లో ఉన్నాను. ఒక చెవిలో మేనేజరు, ఇంకో చెవిలో నాన్నగారు. ఇన్నేళ్ళ సపోర్టు ఉద్యోగం ఊరికే పోతుందా, వరసపెట్టి ప్రశ్నలు వేశాను. చుక్కలు ఏ రంగు? ఎక్కడ పడుతున్నాయి? ముట్టుకుంటే నీళ్ళలా ఉందా, జిడ్డుగా ఉందా? ఏసీ నీళ్ళకి రంగుండదు. కూలెంటు పచ్చగానో ఎర్రగానో ఉంటుంది. ముందు చక్రాల మధ్య నల్లగా జిడ్డుగా పడుతోందంటే ఇంజనాయిలే. "ఆయిల్ సంపు లీకవుతున్నట్టుంది నాన్నగారూ" అని తేల్చేసి ఫోన్ పెట్టేస్తే, మా ఆవిడ వంటింట్లోంచి "మొన్నేగా కడిగించాం సంపు!" అంది. హైదరాబాదులో సంపంటే గేటు పక్కన మూతేసిన నీళ్ళ గుంట మరి.

ఇంతకీ ఆ ఫోన్ పెట్టేసే ముందు నేనొక మాటన్నాను. ప్రస్తుతానికి ఎం-సీల్ ఏదో పెట్టమన్నాను. "పెట్టించండి" అన్నానని నేను ఇప్పటికీ అంటాను. "పెట్టండి" అన్నావని ఆయన అంటారు. తెలుగులో ఆ "ఇంచు" ఉందే, రెండక్షరాలు కూడా ఉండదు. అది ఉంటే మెకానిక్కు కారు కింద దూరతాడు. లేకపోతే డెబ్భై నాలుగేళ్ళ మనిషి దూరతాడు.

రెండ్రోజుల తరవాత వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. సంపు అడుగున రూపాయి బిళ్ళంత మేర రంగు గీకి, చుట్టూ గరుక్కాయితంతో రుద్ది, మధ్యలో ఎం-సీల్ ముద్ద చక్కగా అద్ది ఉంది. అంచులు కూడా వేలితో నునుపు చేశారు. నేను జూమ్ చేసి చూసి "సూపర్" అని బొటనవేలు బొమ్మ పెట్టాను. అయిపోయింది, టికెట్ క్లోజ్డ్.

ఇక్కడ కాస్త మా కారు గురించి చెప్పాలి. 2011లో కొన్న చిన్న పెట్రోలు కారు. కంపెనీ పేరు అనవసరం, ఇందులో దాని తప్పేమీ లేదు. నాలుగేళ్ళు హైదరాబాదులో నేను తిప్పి, కొత్తది కొనుక్కున్నాక దీన్ని వాడపల్లి పంపించేశాను. మన పాత లాప్‌టాప్‌లు, పాత ఫోన్లు, పాత కార్లు అన్నీ చివరికి చేరేది అమ్మానాన్నల దగ్గరికే కదా. "మీకు బాగా పనికొస్తుంది" అని ఒక మాట కూడా అంటాం పైన.

వాడపల్లి అంటే ఆత్రేయపురం పక్కన, గౌతమి గట్టున ఉన్న ఊరు. ఏడు శనివారాల వెంకన్న ఊరంటే ఉభయగోదావరుల్లో తెలియనివాళ్ళుండరు. మా ఇల్లు ఏటిగట్టుకి దగ్గర. కారు ఉండేది కొబ్బరిచెట్ల కింద, మట్టి మీద, గడ్డిలో. పైన నీడ కాబట్టి పెయింటు వెలవలేదు, చూసినవాళ్ళంతా కొత్త కారులా ఉందనేవారు. ఆ నీడ వల్లే కింద మాత్రం ఏడాదిలో సగం రోజులు ఆరేది కాదు. దానికి తోడు 2022 జూలై వరద. భద్రాచలంలో 71.3 అడుగులు, ధవళేశ్వరంలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వదిలిన రోజులవి. లంకలు మునిగాయి. మాకు గట్టు ఆగింది గానీ, ఏరు అంత ఎత్తున ఉన్నప్పుడు గట్టుకి ఇవతల నేలలోంచి ఊట వస్తుంది. మా పెరట్లో చీలమండ దాకా నీళ్ళు, అవి తీశాక వారం పది రోజులు బురద. కారు ఇంజను దాకా నీళ్ళు రాలేదు కదా అని మేమెవరం దాని గురించి ఆలోచించలేదు. ఇంజన్ కింద వేయించిన ప్లాస్టిక్ రేకు ఒకటుంది. నీళ్ళు పోవడానికి దానికుండే చిల్లులు మట్టితోనూ కొబ్బరిపీచుతోనూ పూడిపోయి, అదొక తడి పళ్ళెంలా సంపుకి అంటుకుని కూచుందని తరవాత తెలిసింది.

సంపుని మెకానిక్కులు ఛాంబరు అంటారు. ఇంజన్ అడుగున బోల్టులతో బిగించిన రేకు తొట్టి, అంతే. మా కారుకి సుమారు మూడు లీటర్ల ఆయిలు అందులో ఉంటుంది. పంపు జల్లెడ గొట్టంలోంచి దాన్ని పైకి లాగి క్రాంకుకీ క్యామ్‌కీ అందిస్తుంది, అది మళ్ళీ కారి తొట్టిలోకే వస్తుంది. కొన్ని కార్లకి అల్యూమినియం సంపు ఉంటుంది. అది తుప్పు పట్టదు గానీ రాయి తగిలితే పగులుతుంది. రేకుదైతే సొట్ట పడుతుంది, పగలదు. కాకపోతే సొట్ట పడిన చోట పెయింటు లేస్తుంది, తుప్పు అక్కణ్ణించే మొదలు. మా ఊళ్ళో స్పీడు బ్రేకర్లు ఎవరికి వారు వేసుకున్నవి, వాటి ఎత్తుకి ఏ ప్రమాణమూ లేదు.

లోపల ఆయిలుంటుంది కాబట్టి లోపల తుప్పు పట్టదని నేననుకునేవాణ్ణి. పూర్తిగా నిజం కాదు. నాన్నగారు కారు తీసేది గుడికీ, ఆత్రేయపురం బ్యాంకుకీ, మహా అయితే లొల్ల లాకుల దాకా. పది నిమిషాల ప్రయాణం. ఇంజను సరిగ్గా వేడెక్కేలోపు ఆగిపోతుంది. లోపల చేరిన చెమ్మ ఆవిరై పోవడానికి కావలసినంత వేడి దానికి ఎప్పుడూ రాదు. ఆ నీరు ఆయిలు కన్నా బరువు కనక తొట్టి అడుక్కి చేరి కూచుంటుంది. అంటే పైనుంచి వాడపల్లి తడి, లోపల్నుంచి చిన్న ప్రయాణాల తడి. మధ్యలో ఉన్న రేకు మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు.

సరే. అక్టోబరులో మళ్ళీ చుక్కలు మొదలయ్యాయి. జిడ్డు పూర్తిగా పోని రేకు మీద ఎం-సీల్ ఎంతకాలం పట్టుకుంటుంది, అదీ వేడి ఆయిలు ఉన్న రేకు మీద? ఈసారి ఆ సంగతి నాన్నగారు చెప్పలేదు. దీపావళి శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేసిన పక్కింటి మావయ్యగారు చెప్పారు. "మీ నాన్న ఇంక ఆ కారు కింద పడుకోడం మానిపించరా బాబూ. మొన్న మళ్ళీ దూరాడు. మొదటిసారి మేం చూసి కాళ్ళట్టుకు లాగినంత పని చేశాం" అన్నారు.

ఫోన్ పెట్టేసి ఆగస్టు ఫొటో మళ్ళీ తీశాను. ఆ రోజు జూమ్ చేసి చూశాను, ఈసారి జూమ్ తీసి చూశాను. ఎడమ మూల ఇటుకలు. ఒకదాని మీద ఒకటి నాలుగు ఎర్ర ఇటుకలు, వాటి మీద కారు. కుడి పక్కన కారుతో ఇచ్చే చిన్న జాకీ, దాని కింద చెక్కముక్క, ఆ చెక్క కింద మా పెరటి మెత్తటి మట్టి. ఈ ఫొటో తీసిన మనిషి వీటి మధ్యలో వెల్లకిలా పడుకుని, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, నాకు స్పష్టంగా కనబడాలని ఫ్లాష్ వేసి తీశాడు. దానికి నేను "సూపర్" అని పెట్టాను.

కారుతో వచ్చే జాకీ టైరు మార్చుకోడానికి. దాన్ని నమ్మి కారు కింద దూరకూడదు. ఇటుక అసలే కాదు. బరువు ఒక మూల మీద పడితే చెప్పాపెట్టకుండా పగులుతుంది. గట్టి నేల మీద, సరైన ఇనప స్టాండ్ల మీద నిలబెట్టిన బండి కిందకే దూరాలి. ఇవన్నీ నాకు తెలుసు. ఆయనకి చెప్పాలని తోచలేదు. ఆయన దూరతారనే తోచలేదు.

ఆ శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం పొద్దున్న రావులపాలెంలో దిగాను. శనివారం వాడపల్లి వెళ్ళడం ఎంత తెలివితక్కువో ఆ ఊరివాణ్ణయ్యుండీ మర్చిపోయాను. ఏడు శనివారాలు, శనివారానికి ఏడు ప్రదక్షిణలు. ఆటోలు, బస్సులు, నడిచేవాళ్ళు, కొబ్బరికాయలు. మా ఇంటి ముందు ఎవరివో కార్లు రెండు వరసలు. మా కారు బయటికి రావడానికి దారే లేదు. మెకానిక్కుకి ఫోన్ చేస్తే "ఆయ్, శనివారం ఎవరిప్పుతారండీ, రేపు పెందలాడే వచ్చేత్తాను" అన్నాడు. దాంతో ఆ రోజంతా నాన్నగారూ నేనూ అరుగు మీద కూచున్నాం.

గట్టిగా అరుద్దామనే వెళ్ళాను. ఏడుపూ అరుపూ కలిపి ఏదో అన్నాను కూడా. ఆయన విని, "పెట్టండి అన్నావు కదరా" అన్నారు. ఆ తరవాత, "మెకానిక్కుని పిలిస్తే నువ్వు డబ్బులేస్తానంటావు. ఎం-సీల్ పాకెట్టుకి నిన్నడిగేదేంటని" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆర్నెల్లకోసారి కారు సర్వీసుకి డబ్బులు పంపిస్తూ, పంపిన ప్రతిసారీ ఎంతయిందని అడిగేది నేనే. బిల్లు ఫొటో పెట్టమనేవాణ్ణి. లెక్క కోసమే, అనుమానంతో కాదు. కానీ అడిగించుకునే వైపు నుంచి అదెలా ఉంటుందో ఎప్పుడూ చూసుకోలేదు.

ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. తుప్పు గురించి ఆయనకి నేను చెప్పాల్సింది ఏమీ లేదు. ధవళేశ్వరం బ్యారేజీ నాలుగు పాయలకీ కలిపి 175 గేట్లు, అన్నీ ఇనుమే. కాలవల లాకుల తలుపులు సరేసరి. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు తుప్పు గీకడం, రెడాక్సైడు కొట్టడం, రంగెయ్యడం. ఆయన ఉద్యోగంలో సగం అదే. "గీకకుండా రంగేస్తే తుప్పు ఆగదురా, కనపడ్డం ఆగుతుంది. కాంట్రాక్టర్లకి అదే చెప్పేవాణ్ణి" అన్నారు. మరి మీరు ఎం-సీల్ ఎందుకు పెట్టారంటే, "నువ్వు చెప్పావు కదా, కంప్యూటర్లో చూసి చెప్పుంటావు అనుకున్నా" అన్నారు. సాయంత్రం గుడి మైకు వింటూ, "మన వెంకన్న ఎర్రచందనం చెక్క కాబట్టి గోదారొడ్డున ఇన్నాళ్ళున్నాడు. ఇనుమైతే ఎప్పుడో పోయేవాడు" అని మళ్ళీ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

ఒక విషయం మాత్రం ఆయనకీ తెలియదు, మనలో చాలామందికీ తెలియదు. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్ర లైటు ఉంటుంది. "అది వెలగలేదు కదరా, అంటే ఆయిలున్నట్టే కదా" అన్నారు. ఆ లైటు ఎంత ఆయిలుందో చెప్పదు. పంపు దగ్గర ప్రెషరు పడిపోయిందని చెప్తుంది. అంటే మన భాషలో అది మానిటరింగ్ అలర్టు కాదు, సర్వర్ పడిపోయాక వచ్చే మెయిలు. అది వెలిగిందంటే ఇంటి దాకా వెళ్దామని చూడకూడదు, అక్కడే ఇంజను ఆపాలి. ఆయిలు ఎంతుందో చూడాలంటే డిప్‌స్టిక్ ఒక్కటే దారి. చదునైన చోట, ఇంజను ఆపిన కాసేపటికి, ఒకసారి తుడిచి మళ్ళీ పెట్టి తియ్యాలి. మేం తీస్తే కింద గీతకి కూడా ఆయిలు అందలేదు. ఆ కారుతో ఆయన కిందటి వారమే మా అమ్మని రాజమండ్రి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చారు.

ఆదివారం పొద్దున్న మెకానిక్కు వచ్చాడు. కారుని పెరట్లోంచి మెల్లిగా తోసుకుంటూ పక్కనే సిమెంటు నేల ఉన్న ధాన్యం షెడ్డులోకి తీసుకెళ్ళాం. ఇనప స్టాండ్లు అతనే తెచ్చుకున్నాడు. ప్లాస్టిక్ రేకు విప్పగానే తట్టెడు మట్టి పడింది. స్క్రూడ్రైవరు వెనకవైపుతో సంపుని తడితే పొరలు పొరలుగా రేకు రాలింది. ఆత్రేయపురం పక్కూరివాణ్ణి, ఇంకెలా చెప్పను, అచ్చం పూతరేకులే. వాటికి 2023లో జీఐ గుర్తింపొచ్చింది, మా సంపుకి రాలేదు.

నేను వెల్డింగు చేయించొచ్చా అనడిగాను. అతను అడ్డంగా తలూపాడు. "ఆయ్, ఒక్క చిల్లైతే ఇత్తడితో అతికిద్దుమండి. ఇది రేకే అయిపోయింది. ఇక్కడ మంట పెడితే పక్కన కన్నం పడద్ది." నిజమే. ఆయిలు నానిన రేకుకి వెల్డింగు సరిగ్గా పట్టదు, పల్చటి రేకైతే కరిగిపోతుంది. వెల్డింగుకి 500, రాజమండ్రి నుంచి తెప్పించే కొత్త సంపుకి 1,800. తేడా 1,300 రూపాయలు. రెండున్నర నెలల నుంచి నేను ఆదా చేస్తున్న మొత్తం అదన్నమాట.

సంపు విప్పడం చెప్పుకున్నంత తేలిక కాదు. అడ్డొచ్చే సైలెన్సర్ పైపు ముందు దించాలి. చుట్టూ ఉన్న బోల్టులు పది నంబరు స్పానరుకి వచ్చే చిన్నవి. ముందురోజు రాత్రే వాటికి డీజిలు రాసి ఉంచమని నాన్నగారు నాచేత రాయించారు (చూశారా, ఆయన "ఇంచు" సరిగ్గానే వాడతారు). అయినా ఒకటి తల తెగింది. మిగిలిన ముక్కని పట్టుకారుతో అటూ ఇటూ కదిపి తియ్యడానికి గంట. పాత ఆయిలు కోసం సెంట్రింగు పనివాళ్ళు ఇద్దరు డబ్బాతో కాచుక్కూచున్నారు, చెక్కలకి రాసుకుంటారట. కాలవలో పొయ్యడం కన్నా అది నయం.

సంపు ఊడాక లోపల చూస్తే అసలు సంగతి బయటపడింది. అడుగున సొట్ట ఉంది కదా, అది పైకి పొడుచుకొచ్చి జల్లెడ గొట్టానికి దాదాపు తగులుతోంది. మధ్యలో గోరు దూరేంత సందు. ఆ సందులో తారులాంటి మడ్డి, తుప్పు పొలుకులు. ఆయిలు తగ్గి, జల్లెడ సగం మూసుకుని, ఆ మిగిలిన సందులోంచే ఇంజను ఊపిరి పీల్చింది ఇన్నాళ్ళూ. బయట నునుపుగా అద్దిన ఎం-సీల్ ఉన్నది సరిగ్గా ఆ సొట్ట కిందే. నేను సూపర్ అన్నది దాన్నే.

జల్లెడ కడిగాం. ఇంజన్ అంచు మీద పాత జిగురంతా మెల్లిగా గీకి, జిడ్డు లేకుండా తుడిచాడు. కొత్త సంపు అంచుకి సిలికాన్ జిగురు సన్నటి తీగలా, బోల్టు చిల్లులకి లోపలి వైపుగా పెట్టాడు. ఎక్కువ పెడితే గట్టి పని అనుకుంటాం గానీ, లోపలికి పిండుకున్న జిగురు ఊడి మళ్ళీ జల్లెడకే అడ్డం పడుతుంది. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. చిన్న బోల్టులు, బలం చూపిస్తే మర పోతుంది. అంతా అయ్యాక అతను ఆయిలు పోసేద్దామన్నాడు. నాన్నగారు ఒప్పుకోలేదు. "జిగురు ఆరొద్దూ? రేపు పొద్దున్న పొయ్యి" అన్నారు. ఇద్దరికీ చిన్న వాదన. నేను జిగురు ట్యూబు మీది అక్షరాలు చదివి నాన్నగారి వైపు తీర్పిచ్చాను. సోమవారం సెలవు పెట్టాను.

సోమవారం పొద్దున్న కొత్త ఫిల్టరు, కొత్త ఆయిలు, డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషరు. స్టార్టు చేయగానే ఎర్ర లైటు వెలిగి, ఆరిపోయింది. ఆ మూడు సెకన్లు నేను చూసిన ఏ ప్రొడక్షన్ రిలీజులోనూ అంత భయపడలేదు. కింద పాత పేపరు పరిచి సాయంత్రం దాకా ఉంచాం. పేపరు మీద ఒక్క చుక్క లేదు. నాన్నగారు ఆ పేపరుని వెలుతురుకి పట్టుకుని రెండు వైపులా చూశారు.

స్టాండ్లు కొనిపెట్టి వద్దామా అని ఒక క్షణం అనుకున్నాను. కొనిస్తే కింద దూరమని చెప్పినట్టే అవుతుందని ఆగిపోయాను. దానికి బదులు ఇంకో పని చేశాను. మంచిదో కాదో తెలీదు. డిక్కీలోంచి జాకీ తీసి నా బ్యాగులో బట్టల కింద పెట్టుకుని హైదరాబాదు తెచ్చేశాను. పంక్చరైతే ఫోన్ చేసి పిలిపించుకోమని మెకానిక్కు నంబరు స్టీరింగు పక్కన అంటించి, నెలకింత అని అతనికే పంపిస్తున్నాను. బిల్లు అడగడం లేదు.

మూడు వారాలయ్యాక ఫోన్. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక, మామూలుగా అన్నట్టు, "ఏరా, డిక్కీలో జాకీ ఉండాలి, ఏమైంది?" అన్నారు.

"ఎందుకు నాన్నగారూ, పంక్చరయిందా?"

"లేదులే, ఊరికే. వెనక చక్రం దగ్గర ఏదో చప్పుడొస్తోంది."